సీలు తియ్యని బామ్మర్ది

మా బామ్మర్దికి నలభై దాటాయి. సాఫ్ట్‌వేర్‌లో పెద్ద ఉద్యోగం, కొండాపూర్‌లో మూడు పడగ్గదుల ఫ్లాటు, ఇద్దరు పిల్లలు, కొద్దిగా బీపీ. ఆ మూడో పడగ్గదికి ఎప్పుడూ తాళం వేసి ఉంటుంది. కొత్తగా వచ్చిన చుట్టాలు అది పూజగది అనుకుంటారు. చెప్పులు విడిచి, చేతులు కడుక్కునే లోపలికి వెళ్ళాలి కాబట్టి వాళ్ళని తప్పుపట్టలేం. లోపల కిటికీకి నల్ల పరదా, రోజంతా ఏసీ. ఎండ తగిలితే తెల్ల ప్లాస్టిక్ పసుపెక్కుతుంది, వేడికి పీవీసీలో కలిపిన మెత్తదనం మందు పైకి ఊరి బొమ్మ జిగటెక్కుతుంది. ఇది నిజమే, నేను కూడా కనుక్కున్నాను. పిల్లల గదిలో మాత్రం ఏసీ లేదు. అడిగితే, "పిల్లలు జిగటెక్కరు కదా బావా" అంటాడు.

గది నిండా అద్దాల బీరువాలు. వాటిలో బ్యాట్‌మన్లు, స్పైడర్‌మన్లు, స్టార్ వార్స్ వీరులు, జి.ఐ.జో సైనికులు. లోకాల్ని కాపాడాల్సిన వీళ్ళలో ఒక్కడికీ డబ్బా దాటి అడుగు బయటపెట్టే యోగం లేదు. సీలు తియ్యకూడదన్నది ఆ గదిలో మొదటి నియమం. రెండో నియమం లేదు.

ఏటా ఒకసారి హైటెక్స్‌లో కామిక్ కాన్ అనే కామిక్స్, బొమ్మల జాతర వస్తుంది. దేశంలో మొదటిది 2011లో ఢిల్లీ హాట్‌లో జరిగింది, హైదరాబాదుకి 2013లో వచ్చింది. అది వస్తోందనగానే మావాడికి నామీద హఠాత్తుగా బంధుప్రీతి పుట్టుకొస్తుంది. "బావా, మనం కలిసి ఎక్కడికైనా వెళ్ళి ఎన్నాళ్ళయింది!" అంటాడు. నా కారు డిక్కీ పెద్దదిలెండి.

ఆ రోజు మావాడి అవతారం చూడాలి. నడుముకి సంచి, అందులో కొలత టేపు, బుడగల కవరు చుట్ట, చిన్న టార్చి. డబ్బా మూలలు నలగకుండా వేసే గట్టి ప్లాస్టిక్ తొడుగులు నా చేతికిచ్చాడు. గేటు దగ్గర కుర్రకారంతా వేషాల్లో ఉన్నారు. ఒకడికి రెక్కలు, ఒకమ్మాయికి నీలం జుట్టు, ఒకడి వీపున అట్టముక్కతో చేసిన నిలువెత్తు కత్తి. జనం విరగబడి వాళ్ళతో ఫోటోలు దిగుతున్నారు. అసలు పిచ్చివాడు గళ్ళ చొక్కా టక్ చేసుకుని వాళ్ళ పక్కనుంచే వెళ్ళిపోయాడు. ఒక్కడూ తలెత్తి చూడలేదు.

క్యూలో నిలబెట్టి నాకు స్థలపురాణం చెప్పాడు. 1977లో స్టార్ వార్స్ సినిమా వచ్చింది. ఆ బొమ్మల హక్కులు కెన్నర్ కంపెనీవి. క్రిస్మస్ ముంచుకొచ్చింది, బొమ్మలు తయారు కాలేదు. ఏం చేశారనుకున్నారు? బొమ్మల్లేని అట్ట కవరు అమ్మారు. అందులో ఉన్న కూపను పూర్తిచేసి పంపితే మరుసటి ఏడాది నాలుగు బొమ్మలు పోస్టులో వస్తాయి. అమెరికా తల్లిదండ్రులు ఆ అట్టలు కొనుక్కెళ్ళి పండగ పూట పిల్లల చేతుల్లో పెట్టారు. "ఆ అట్ట ఇప్పుడు దొరికితేనా..." అని మావాడు కళ్ళు మూసుకున్నాడు. బొమ్మ అని చెప్పి ఖాళీ అట్ట అమ్మొచ్చునని ఆ కంపెనీ ఆనాడే కనిపెట్టింది. అలాంటి కొనుగోలుదారు తయారవడానికి కొంత కాలం పట్టింది, అంతే.

లోపల ఒక స్టాల్లో ఒకే రకం స్పైడర్‌మన్లు ఏడెనిమిది ఉన్నారు. నా కంటికి కవల పిల్లలే. మావాడు ఒక్కో డబ్బా తీసి టార్చి వేసి కనుగుడ్లు చూశాడు. ఒకడికి మెల్ల. ఒకడికి సాలెగూడు గీతలు మెడ దగ్గర కలవలేదు. ఇంకొకడు నిక్షేపంలా ఉన్నాడు, కానీ డబ్బా మూలన గోరంత నొక్కు. మా అత్తగారు రైతుబజార్లో బెండకాయ చివర విరిచి చూసి పక్కన పడేసినట్టు వీరులందరినీ వరసగా పక్కన పెట్టేశాడు. స్టాలు కుర్రాడు ఓపిక పట్టి పట్టి, "అన్నా, బొమ్మనా డబ్బానా, ఏది కావాలె మీకు?" అన్నాడు. ఈ రంగంలో అంతకు మించిన ప్రశ్న నేను వినలేదు. మావాడు జవాబు చెప్పలేదు.

అప్పుడే ఒక ఆరేళ్ళ బుడతడు దగ్గరికొచ్చి మావాడి చేతిలో డబ్బా చూశాడు.

"అంకుల్, దీనికి చేతులు తిరుగుతాయా?"

"తిరుగుతాయి నాన్నా. మోకాళ్ళు, మోచేతులు, మణికట్లు, అన్నీ తిరుగుతాయి."

"మీ ఇంట్లో ఉన్నవి తిప్పుతారా?"

మావాడు నా వైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను.

ఇతర దేశాల్లో ఈ బొమ్మల కలెక్టర్లు దేనికి కొట్టుకుంటారో చెబితే మీరు నమ్మరు. ప్లాస్టిక్ వాడకం తగ్గిద్దామని 2022లో హాస్‌బ్రో కంపెనీ డబ్బాలకు కిటికీలు తీసేసి మొత్తం అట్టతోనే మూసేసింది. కలెక్టర్లు గగ్గోలు పెట్టారు. లోపల కన్ను మెల్లగా ఉందో లేదో తెలిసేదెట్లా? తెరిచి చూడొచ్చుగా అనకండి. మరుసటి ఏడాదే కిటికీలు తిరిగి పెడతామని కంపెనీ దిగొచ్చింది. పర్యావరణం ఓడిన యుద్ధాల జాబితాలో ఇదీ ఒకటి.

మధ్యాహ్నానికి మావాడికి తోటి కలెక్టర్లు తగిలారు. ఆఫీసులో మీటింగంటే నోరు విప్పని మనిషి ఇక్కడ పీఠాధిపతి. చుట్టూ నలుగురు చేరి సుంకాల మీద విరుచుకుపడ్డారు. బొమ్మల దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి ఎక్కింది. 2021 నుంచి 14 ఏళ్ళ లోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి. "మరి నీవి?" అన్నాను. హాంగ్‌కాంగ్ వాళ్ళ హాట్ టాయ్స్ డబ్బా ఒకటి తిప్పి చూపించాడు, 15 ఏళ్ళు దాటిన వాళ్ళకి అని ఉంది. "చట్టప్రకారం నేను ఆడుకోవట్లేదు బావా" అన్నాడు. ఆ విషయం మాకెప్పుడో తెలుసు.

ఇక ధరల సంగతి. మావాడి ప్రతి బొమ్మకీ మూడు ధరలు. కొట్టువాడికి ఇచ్చింది ఒకటి. తోటివాళ్ళకి చెప్పేది అందులో సగం, బేరంలో తన ప్రతాపం తెలియాలి కదా. మా చెల్లెమ్మకి, అంటే వాడి భార్యకి, చెప్పేది ఎప్పుడూ మూడొందలు. ఆ మధ్య ఆవిడ తమ్ముడి కొడుకు పుట్టినరోజు వచ్చింది. "కొత్తది కొనడం ఎందుకు, ఆ మూడొందల బొమ్మల్లో ఒకటి ఇచ్చేద్దాం" అని ఆవిడ తాళంచెవి తీసుకుంది. మావాడు పరుగున వచ్చి, పిల్లలకి బొమ్మలకన్నా డబ్బే మంచిదని, పొదుపు అలవాటవుతుందని చెప్పి, కవర్లో అయిదువేలు పెట్టి ఇచ్చాడు. అత్తవారింట్లో వాడికి ఉదారుడని పేరొచ్చింది.

గట్టిగా అడిగితే ఇది పెట్టుబడి అంటాడు. వాడి దగ్గర ఆధారమూ ఉంది. బోబా ఫెట్ అనే బొమ్మకి వీపు నుంచి రాకెట్ ఎగిరేట్టు చేయాలని కెన్నర్ వాళ్ళు 1979లో అనుకున్నారు. పిల్లల గొంతులో ఇరుక్కుంటుందన్న భయంతో మానేశారు. నమూనాలు కొన్ని మిగిలాయి. అలాంటిదొకటి 2024లో అమెరికా వేలంలో 5,25,000 డాలర్లకు పోయింది. "సరే, నువ్వెప్పుడు అమ్ముతున్నావు?" అన్నాను. "అమ్మడమేంటి?" అన్నాడు, నిజంగానే అర్థంకాక.

మావాడి మెత్తని చోటు ఒక్కటే, ఫన్‌స్కూల్. ఎమ్మారెఫ్, హాస్‌బ్రో కలిసి 1987లో పెట్టిన ఆ కంపెనీ జి.ఐ.జో బొమ్మల్ని మన దేశంలోనే పోసింది. అమెరికాలో లేని రంగులు వీటికి పడ్డాయి. ఆ వింత రంగుల కోసమే ఇప్పుడు విదేశీయులు వెతుక్కుంటున్నారు. రాజమండ్రిలో చిన్నప్పుడు మావాడి దగ్గర ఒక అట్టపెట్టెడు ఉండేవట. ఆడి ఆడి నడుములో రబ్బరు రింగు తెగితే మనిషి పైకీ కిందకీ రెండుగా విడిపోయేవాడు. మా అత్తగారు ఒక వేసవిలో ఆ పెట్టెను వీధిలోకి వచ్చిన పాత ప్లాస్టిక్ వాడికి వేసి ఉల్లిపాయలు తీసుకున్నారు. రెండు కేజీలని ఆవిడ, కేజీన్నరేనని వీడు. అట్టతో సహా ఉన్న ఒక ఫన్‌స్కూల్ సైనికుడి ధర ఆ స్టాల్లో విన్నాక ఆ ఉల్లిపాయలు ఎంత పడ్డాయో నేనూ లెక్క కట్టాను. ఇప్పటికీ ఆవిడ పకోడీ పళ్ళెం తెస్తే వీడు ఒకటి చేతిలోకి తీసుకుని అలా చూస్తాడు. ఆవిడ మాట మారుస్తారు.

అన్నట్టు, ఆవిడ సంక్రాంతికి పెట్టే బొమ్మల కొలువు గురించి చెప్పాలి. కొండపల్లి ఏనుగు అంబారీ, తాడిచెట్టు ఎక్కే గీతకార్మికుడు, దశావతారాలు, అన్నిటినీ పాత నేత చీరల్లో చుట్టి ట్రంకుపెట్టెలో దాస్తారు. మూడు రోజులు మెట్ల మీద పెడతారు. పిల్లలు వేలు పెడితే వేలు విరుస్తానంటారు. వీడికి ఈ రోగం ఎక్కడిదా అని ఆవిడే అప్పుడప్పుడు ఆశ్చర్యపోతుంటారు.

సాయంత్రానికి ఏడు డబ్బాలు తేలాయి. డిక్కీలో సర్దుతూ, "బావా, ఇందులో మూడు నీవి" అన్నాడు. "నాకెందుకురా?" అంటే, "అలా అనుకో, అంతే" అన్నాడు. లిఫ్టులో ఇంకోసారి వల్లె వేయించాడు.

తలుపు తీసిన మా చెల్లెమ్మ వాడి వైపు చూడనేలేదు.

"రండి అన్నయ్యగారూ. ఈసారి మీరెన్ని కొన్నారు?"

"మూడమ్మా" అన్నాను.

"పోయినేడాదివి నాలుగు ఇక్కడే ఉన్నాయి. అంతకుముందువి అయిదు."

"బావ ఇంట్లో చోటు లేదు" అన్నాడు మావాడు గబుక్కున.

"అయ్యో, పర్వాలేదండీ. లోపలికి రండి, కాఫీ తాగుతూ నెలకి అద్దె ఎంతో మాట్లాడుకుందాం."