చెవికి ఎత్తెంత, బరువెంత?

ఇప్పుడు ఇయర్‌బడ్స్‌లోకీ ఏఐ వచ్చేసింది కాబట్టి మన చెవులకిక ఢోకా లేదు. ఎదుటివాడు ఏ భాషలో తిట్టినా మన భాషలో వినిపిస్తాయట. మీటింగులో మనం కునుకు తీస్తుంటే అవి మెలకువగా ఉండి సారాంశం రాసిపెడతాయట. సంతోషం. షరతు ఒక్కటే, యాప్ వేసుకోవాలి. యాప్‌లోకి పోవాలంటే ఖాతా తెరవాలి. ఖాతా తెరవాలంటే ఓటీపీ కొట్టాలి. ఓటీపీ రావాలంటే ముందుగా "షరతులన్నీ చదివి అంగీకరించాను" అని ఓ అబద్ధం ఆడాలి. ఇంత తతంగం ముగిశాక పాట.

ఈమధ్య నేనూ ఒక జత కొన్నాను. కంపెనీ పేరెందుకులెండి, ఏ పేరు పెట్టుకున్నా కథ ఇదే. యాప్ తెరవగానే పేరడిగింది, చెప్పాను. పుట్టిన తేదీ అడిగింది, పోనీలే అనుకున్నాను. ఆడా మగా అంది. ఆ తర్వాత తెర మీద ఓ చక్రం తిరిగి 170 దగ్గర ఆగింది. కింద 'ఎత్తు, సెంటీమీటర్లలో' అని ఉంది. వేలితో తిప్పుతుంటే ఒక్కో అంకెకీ ఫోన్ టిక్కు టిక్కుమంటోంది. దాని వెనకే ఇంకో చక్రం. బరువు, కిలోల్లో. 'ఇప్పుడు వద్దు' అనే మీట ఎక్కడన్నా ఉందేమోనని తెరంతా గాలించాను. లేదు.

చెవికి ఎత్తెంత? బరువెంత? ఆరడుగుల వాడికి పాట పైనుంచి దిగాలా? లావుపాటి వాడికి బాస్ ఎక్కువా, బక్కవాడికి ఫ్లూటు ఎక్కువా? ఓ ఐదు కిలోలు తగ్గితే ఘంటసాల గొంతు ఏమైనా సన్నబడుతుందా? కిళ్ళీ కొట్టువాడు ఆకుకి సున్నం రాసేముందు మన గోత్రం అడిగితే ఎలా ఉంటుందో అలా ఉంది నాకు.

ఒళ్లు మండి, చక్రాన్ని ఆ చివరికి తిప్పాను. ఎత్తు 230 సెంటీమీటర్లు, బరువు 30 కిలోలు, పుట్టింది 1920లో, స్త్రీ. యాప్ కళ్లు మూసుకుని నమ్మేసింది. ఏడున్నర అడుగుల నిలువెత్తు మనిషి, నూరేళ్లు దాటిన ముత్తైదువ, గాలొస్తే ఎగిరిపోయే బరువు. ఆవిడకి స్వాగతం పలికి, రోజుకి పదివేల అడుగులు నడవమని సలహా ఇచ్చింది. చేతి గడియారం మీద డిస్కౌంటు కూపన్ కూడా పంపింది. పాట మాత్రం ముందెలా వినబడిందో ఇప్పుడూ అలాగే వినబడుతోంది.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఓ అమ్మాయి చాలా మర్యాదగా, "మీకు బెటర్ ఎక్స్‌పీరియన్స్ ఇవ్వడానికి సర్" అంది. తన తప్పేం లేదు, కాగితంలో ఉన్నది చదివింది. అసలు సంగతి ఏమిటంటే, ఆ కంపెనీ గడియారాలకీ బడ్స్‌కీ యాప్ ఒకటే. రెండు యాప్‌లు చేయడానికి బద్ధకం. ఆ బద్ధకానికి నా బరువు కట్టాలి.

లొకేషన్ గురించి కూడా ఒక ముక్క. బ్లూటూత్ పరికరాన్ని వెతకాలంటే యాప్‌కి లొకేషన్ అనుమతి ఉండాల్సిందే అన్న నిబంధన ఆండ్రాయిడ్ 6 కాలం నాటిది. 2021లో ఆండ్రాయిడ్ 12 వచ్చాక దానికి విడిగా 'దగ్గరలోని పరికరాలు' అనే అనుమతి పెట్టారు. కానీ అడిగే అలవాటు పడ్డ నోరు ఊరుకోదు. పారేసుకున్న బడ్ వెతికిపెడతాం అంటారా, పారేసుకున్న రోజున అడగండి. కాంటాక్టులు కూడా కావాలట. మా పిన్ని నంబరుతో వీటికేం పనో నాకు తెలీదు.

తణుకులో ఉండే మా మామగారికి ప్రవచనాలు వినడానికని ఓ జత పంపితే, రెండో రోజునే ఫోన్ చేశారు. "ఓటీపీ అడుగుతోందండి అల్లుడుగారూ. ఇది దొంగ కంపెనీ అయ్యుంటదండి. తీసి బీరువాలో పెట్టేశాను, సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయమంటారా?" నేనేం చెప్పను? ఎవరికి ఫోన్ చేసినా ముందు జాగ్రత్తలు చెప్పే గొంతు నెలల తరబడి వినిపించింది దేశమంతా. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని సర్కారు, బ్యాంకు, మనవడు, అందరూ ఆయనకి నూరిపోశారు. ఆయన బుద్ధిగా నేర్చుకున్నారు. ఇప్పుడు ఇద్దరం కలిసి దాన్ని మరిచిపోవాలన్నమాట, ఎందుకూ, భాగవతం వినడానికి.

వెటకారం ఇక చాలు. ఇది నవ్వుకుని వదిలేసే విషయం కాదు. బోస్ హెడ్‌ఫోన్ యాప్ జనం ఏం వింటున్నారో రాసుకుని మరో కంపెనీకి పంపుతోందంటూ 2017 ఏప్రిల్‌లో షికాగోలో ఆ సంస్థ మీద దావా పడింది. బోస్ అదంతా తప్పన్నది. మన దగ్గర బోట్ వినియోగదారులు 75 లక్షల మంది పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు, ఈమెయిళ్లు బయటపడ్డాయని 2024 ఏప్రిల్‌లో పత్రికలు రాశాయి. పాటలు వినడానికి ఇయర్‌ఫోన్ కొన్న జనం వాళ్లు. వాళ్ల ఇంటి నంబరు దొంగల సంతలో పడాల్సిన అవసరం ఏమొచ్చింది? దాచుకోని వివరం లీకవదు. ఇంత చిన్న సంగతి చెబితే, మా దగ్గర భద్రత బ్రహ్మాండం అంటూ మళ్లీ మన చెవిలో పువ్వు పెడతారు.

మనిషి ఏం వింటున్నాడో తెలిస్తే అతని మతం, పార్టీ, జబ్బు, దిగులు సగానికి సగం తెలిసినట్టే. హాస్టల్ గదిలో దుప్పటి కప్పుకుని ఓ అమ్మాయి డిప్రెషన్ గురించి డాక్టరు మాటలు వింటుంది. ఓ కుర్రాడు ఇంట్లోవాళ్లకి గిట్టని నాయకుడి ప్రసంగం వింటాడు. చెవిలో పెట్టుకుని వినేది పక్కవాడికి వినబడకూడదనే కదా! ఆ పక్కవాడి కుర్చీలో కంపెనీ వచ్చి కూర్చుంటే ఎవరికీ కోపం రాదెందుకని?

చట్టం లేదా అంటే ఉంది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని ఆరో సెక్షన్‌లో ఓ ఉదాహరణ ఉంది, చూడముచ్చటగా ఉంటుంది. టెలిమెడిసిన్ యాప్ ఫోన్‌లోని కాంటాక్టులకీ అనుమతి అడిగి, వినియోగదారు సరేనన్నా సరే, వైద్యానికి కాంటాక్టులు అవసరం లేదు కాబట్టి ఆ సమ్మతి చెల్లదు. వైద్యానికే అక్కర్లేనివి వాయిద్యానికి కావాలా? కానీ నియమాలు 2025 నవంబర్‌లో గానీ రాలేదు. వాటిలోనూ అసలైన బాధ్యతలకి 18 నెలల గడువిచ్చారు. ఈలోపు తోడుకోగలిగినంత తోడుకోండని కాబోలు.

నిజానికి యాప్ లేకపోతే ఆగిపోయేదేమిటి? పాట ఫోన్ నుంచి చెవికి చేరే ఏ2డీపీ పద్ధతి 2003 నుంచీ ఉంది. ఫోన్ సెట్టింగుల్లో బ్లూటూత్ తెరిచి బడ్స్ పేరు నొక్కితే పాట వస్తుంది, కాల్ వస్తుంది, ఆపడం, ముందుకు జరపడం అన్నీ వస్తాయి. చాలావాటికి బ్యాటరీ శాతం కూడా ఫోనే చూపిస్తుంది. ఆపిల్ ఎయిర్‌పాడ్స్ ప్రో కూడా ఆండ్రాయిడ్ ఫోన్‌తో ఏ యాప్ లేకుండా పనిచేస్తాయి. కాడని కాసేపు నొక్కి పట్టుకుంటే నాయిస్ క్యాన్సలింగ్ మారుతుంది. 2016లో ఐఫోన్‌కి వైరు పెట్టే కన్నం పూడ్చేసి దాన్ని 'ధైర్యం' అని చెప్పుకున్న కంపెనీయే ఆపాటి మీట ఉంచగలిగినప్పుడు, మిగతావాళ్లు మీటలన్నీ పీకి యాప్‌లో ఎందుకు దాచారు? మనం రోజూ ఆ యాప్ గుమ్మం తొక్కాలని, తొక్కినప్పుడల్లా కొత్త మోడల్ బొమ్మ కళ్లబడాలని.

ఒక్క వాదనకి మాత్రం నా దగ్గర మర్యాద ఉంది. 2025 జూన్‌లో, చాలా ఇయర్‌బడ్స్‌లో ఉండే ఎయిరోహా చిప్‌లలో లోపాలున్నాయని జర్మనీ పరిశోధకులు బయటపెట్టారు. బ్లూటూత్ అందే దూరంలో నిలబడి, జత కలపకుండానే లోపలికి దూరొచ్చట. సోనీ, బోస్, జేబీఎల్ లాంటి పెద్ద పేర్లూ ఆ చిట్టాలో ఉన్నాయి. అలాంటిది సరిచేయాలంటే అప్‌డేట్ రావాలి, అప్‌డేట్ చాలావరకు యాప్ ద్వారానే వస్తుంది. సరే. దానికి నా పుట్టిన తేదీ దేనికి? లాగిన్ లేని యాప్ ఇవ్వండి. లేదా ఛార్జింగ్ డబ్బాకి ఎలాగూ యూఎస్‌బీ కన్నం ఉంది, కంప్యూటర్‌కి తగిలించి ఎక్కించుకునే ఫైలు ఇవ్వండి. కొన్ని సోనీ, శాంసంగ్, నథింగ్ మోడళ్లని గాడ్జెట్‌బ్రిడ్జ్ అనే స్వేచ్ఛా యాప్ ఇంటర్నెట్టు లేకుండా, ఖాతా అడక్కుండా నడిపిస్తోంది. ఔత్సాహికులు ఊరికే చేసిపెట్టిన పని కోట్ల కంపెనీకి చేతకాదా?

ఇంకో జత కోసం అబిడ్స్ జగదీష్ మార్కెట్‌కి వెళ్లి ఈసారి ముందే చెప్పాను. మొబైల్ డేటా ఆపేస్తాను, యాప్ వేయను, చెవిలో పెట్టుకుని నాయిస్ క్యాన్సలింగ్ మారుతుందా, సౌండు తగ్గుతుందా, తీసి మళ్లీ పెడితే నేను మార్చింది గుర్తుందా చూస్తాను అన్నాను. దుకాణం కుర్రాడు నన్ను పైనుంచి కిందికి చూసి, "యాప్ లేకుంటే సగం ఫీచర్లు రావన్నా" అన్నాడు. "ఏ సగం?" అంటే అతనికీ తెలియదు. పెట్టె తిప్పి తిప్పి చూశాడు. ఎక్కడా రాసి లేదు.

ఎంఆర్‌పీ, తయారైన నెల, తయారీదారు చిరునామా, కస్టమర్ కేర్ వివరాలు తూనికలు కొలతల నిబంధనలున్నాయి కాబట్టి చచ్చినట్టు ముద్రిస్తున్నారు. ఆ పక్కనే ఇంకో రెండు వాక్యాలు ముద్రించమనండి. ఖాతా లేకుండా ఇందులో ఏవి పనిచేయవు, ఖాతా తెరిస్తే మీ దగ్గర ఏమేం తీసుకుంటాం. చోటు లేదంటారేమో. జుట్టెగరేసి గాల్లోకి గెంతుతున్న ఆ కుర్రాడి బొమ్మని కాస్త చిన్నది చేసుకుంటే సరిపోతుంది.