రెండో చరణం ఏమైంది?

డిసెంబరు వచ్చిందంటే పిల్లల ఫోన్లలో ఒక జాబితా ప్రత్యక్షమవుతుంది. ఈ ఏడాది నువ్వు ఎక్కువసార్లు విన్న పాట ఇది, ఎక్కువగా విన్న గొంతు ఇది, మొత్తం ఇన్ని వేల నిమిషాలు విన్నావు అని యాప్ లెక్కగట్టి, రంగురంగుల బొమ్మలేసి చూపిస్తుంది. మా అమ్మాయి అది నా ముందు పెట్టి, "నాన్నా, ఈ ఏడాది నా ఫేవరెట్లు ఇవి" అంది. "నువ్వే ఎంచుకున్నావా అమ్మా?" అని అడిగాను. "నేను ఎంచుకోవడమేంటి, అదే చెప్పింది" అంది.

అక్కడే నాకు మనసు చివుక్కుమంది. ఎక్కువసార్లు చెవినపడిన పాట వేరు, ఇష్టమైన పాట వేరు. వంట చేసేటప్పుడు వెనకాల మోగుతూ పోయిన పాటని ఆ యాప్ వందసార్లుగా లెక్కేసుకుంటుంది. రాత్రి పడుకోబోయే ముందు ఒక్కసారి విని, మళ్లీ వినడానికి గుండె చాలక ఆపేసిన పాటకి దాని లెక్కలో విలువ ఒకటే. ఇష్టాన్ని తేల్చుకోవాల్సింది మనిషి. మా రోజుల్లో ఆ పని మేమే చేసుకునేవాళ్లం. మాట్లాడుకుని, పోట్లాడుకుని, రోజుల తరబడి అలిగి మరీ చేసుకునేవాళ్లం.

1991 సంగతే తీసుకోండి. ఆ ఏడాది సంక్రాంతికి 'సీతారామయ్యగారి మనవరాలు' వచ్చింది. పాటలు వేటూరి, సంగీతం కీరవాణి. చక్రవర్తి దగ్గర సహాయకుడిగా పనిచేసి, 'మనసు మమత'తో అంతకు ముందు ఏడాదే బయటికి వచ్చిన కుర్రాడాయన. గోదావరి సీమ ఇంటి వాకిలి, పెళ్లి సందడి, పెద్దాయన పంతం, పిల్ల మనసులో దాచుకున్న దుఃఖం, అన్నీ ఆ పాటల్లో ఉన్నాయి. తీపి పాట విన్నా ఎక్కడో ఒక మూల దిగులు తగులుతుంది. జనవరిలో విన్న ఆ కేసెట్ మాకు డిసెంబరు దాకా గీటురాయి అయిపోయింది. ఆ ఏడాది ఏ కొత్త సినిమా పాటలు వచ్చినా, "సీతారామయ్య ముందు నిలుస్తాయా?" అన్నదే మొదటి ప్రశ్న.

వేసవిలో 'గ్యాంగ్ లీడర్' వచ్చింది. బప్పీలహరి బాణీలు ఊరూవాడా ఊపేశాయి, పెళ్లి ఊరేగింపుల్లో బ్యాండ్ మేళాలకి వేరే పాట లేకుండా పోయింది. జులైలో 'ఆదిత్య 369'. ఇళయరాజా ఆ ఒక్క సినిమాలోనే శ్రీకృష్ణదేవరాయల కాలానికీ, ఇప్పటి కాలానికీ, రాబోయే కాలానికీ సంగీతం కట్టాలి. కట్టాడు. రాయల కొలువులోని నాట్యం పాటకి జిక్కి గొంతు తెచ్చిపెట్టాడు చూడండి, దానికి మాత్రం నేను ఇవాళ్టికీ చేతులెత్తి మొక్కుతాను. 1955లో 'రోజులు మారాయి' సినిమాలో వహీదా రెహమాన్ ఆడిన పాట పాడింది ఈ జిక్కే. ముప్ఫయ్యారేళ్ల తర్వాత అదే గొంతు బాలసుబ్రహ్మణ్యం, శైలజల గొంతుల పక్కన కూర్చుంటే, మా అమ్మా నేనూ ఇద్దరం ఒకేసారి తలెత్తి రేడియో వైపు చూశాం. పాత గొంతుని పాత కాలానికి వాడుకోవాలన్న ఆలోచన ఎంత లోతైందో అప్పుడు నాకు మాటల్లో చెప్పడం రాలేదు గానీ, చెవికి మాత్రం అర్థమైంది.

అక్టోబరులో 'క్షణక్షణం'. మళ్లీ కీరవాణి. జనవరిలో గోదావరి మట్టివాసన పంచిన మనిషి, అదే ఏడాదిలో దొంగలూ పోలీసులూ తరుముకునే కథకి సంగీతం ఇచ్చాడు. అడవిలో అర్ధరాత్రి భయపడుతున్న పిల్లని నిద్రపుచ్చడానికి సిరివెన్నెల రాసిన జోలపాట ఉంది కదా, అది వినని తెలుగిల్లు ఆ ఏడాది ఉందంటే నేను నమ్మను. వీటి మధ్యలో వంశీ, ఇళయరాజాల 'ఏప్రిల్ 1 విడుదల' ఉంది, 'కూలీ నెం.1' ఉంది. ఒక్క ఏడాదిలోనే ఇన్ని.

మా బావ ఇళయరాజా మనిషి. 'సితార', 'అన్వేషణ', 'గీతాంజలి' వరసబెట్టి చెప్పి నోరు మూయించేవాడు. నేను ఆ ఏడాది కీరవాణి పక్షం. విజయవాడ బీసెంట్ రోడ్డులో టీ కొట్టు దగ్గర నిలబడితే, రెండు చరణాల మధ్య వయొలిన్లు ఎక్కడ ఎత్తుకున్నాయి, వేణువు ఎక్కడ వదిలింది, పల్లవిలో వేటూరి వేసిన పదం చరణంలో ఇంకో అర్థంతో ఎలా తిరిగొచ్చింది అని మాట్లాడుకుంటూ చీకటిపడేది. మేమేమీ సంగీతం నేర్చుకున్నవాళ్లం కాదు. అయినా అంత మాట్లాడగలిగామంటే కారణం ఒక్కటే. ఆ పాటలన్నీ మొదటి నుంచి చివరి దాకా, అన్నీ, మళ్లీ మళ్లీ విన్నాం.

కేసెట్లో పాట దాటేయడం అంత తేలిక కాదు. ముందుకి తిప్పితే ఎక్కడ ఆగుతుందో తెలియదు, బ్యాటరీలు అయిపోతాయి, రీలు చుట్టుకుంటుంది. అందుకని నచ్చని పాట కూడా వినేవాళ్లం. నెల తిరిగేసరికి, మొదట్లో ఎవరికీ పట్టని ఆ నెమ్మది పాటే ఇంటిల్లిపాదికీ ఇష్టమైన పాటగా మారేది. ఇది నా ఒక్కడి అనుభవం కాదు, నా వయసు వాళ్లని ఎవరినైనా అడగండి. మంచి పాటలు కొన్ని మొదటిసారికే లొంగవు. వాటికి టైమివ్వాలి. ఇవాళ నచ్చకపోతే వేలితో ఒక్క తోపు, పాట పోయింది. ఆ లొంగని పాటకి రెండో అవకాశం ఎవరిస్తారు?

పేర్ల విషయం చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. అప్పట్లో విజయవాడ రేడియో కేంద్రం నుంచి పాట వేస్తే, ముందు చిత్రం పేరు, తర్వాత రచన, సంగీతం, గానం, అన్నీ చెప్పి గానీ పాట వేసేవారు కాదు. కోరిన పాటల కార్యక్రమానికి ఉత్తరాలు రాసిన శ్రోతల పేర్లు, వాళ్ల ఊళ్లతో సహా చదివేవారు. కవి పేరు రోజుకి పదిసార్లు చెవిన పడితే పల్లెలో పొలం పని చేసుకునేవాడికి కూడా ఆత్రేయ ఎవరో, దాశరథి ఎవరో, నారాయణరెడ్డి ఎవరో తెలిసిపోయేది. థియేటర్ గేటు దగ్గర పాటల పుస్తకం అమ్మేవాళ్లు. పలచటి కాగితం, మసిగా అచ్చు, సగం కథ చెప్పి మిగతాది వెండితెరపై చూడమనేది. అయినా ప్రతి పాట కిందా కవి పేరుండేది. ఇప్పుడు ఫోన్ తెర మీద సినిమా బొమ్మ ఉంటుంది, పాట మొదటి మాట ఉంటుంది, పాడినవాళ్ల పేర్లుంటాయి. రాసినవాడు కావాలంటే ఎక్కడో చుక్కలు నొక్కి, ఇంకేదో తెరిచి వెతుక్కోవాలి. అంత ఓపిక ఎవరికుంది? పాటకి ప్రాణం పోసిన మనిషిని అలా మూలకి నెట్టడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది, ఎంత మందికి చెప్పమన్నా ఇదే చెబుతాను.

ఇక పాట నిర్మాణం. పల్లవి, ఒక వాద్య ఘట్టం, మొదటి చరణం, మరో వాద్య ఘట్టం, రెండో చరణం. ఇది మా రోజుల పాటకి నిలువెత్తు రూపం. మొదటి చరణంలో కవి ఒక మాట చెప్పి, రెండో చరణంలో దాన్ని ఇంకో మెట్టు ఎక్కించేవాడు. సిరివెన్నెల పాటల్లో అసలు సంగతి చాలాసార్లు రెండో చరణంలోనే ఉంటుంది. ఆ వాద్య ఘట్టాలు రెండూ ఒకేలా ఉండకూడదని ఇళయరాజా పట్టుబట్టేవాడనిపిస్తుంది, ఆయన పాటలు వింటే. ఒకటి వీణతో నడిస్తే ఇంకోటి వయొలిన్ల గుంపుతో నడుస్తుంది. ఇప్పుడు చాలా పాటలకి ఒక్కటే చరణం. వాద్యాల చోట నాలుగు దరువులు, మళ్లీ పల్లవి. కారణం కూడా తెలుసు. స్పాటిఫై లాంటి చోట ముప్ఫై సెకన్లు వింటే చాలు, ఒకసారి విన్నట్టు లెక్క. మొదటి అరనిమిషంలోనే చెవి పట్టేయాలి. ఆ తర్వాత వచ్చేదాన్ని ఎవరు పట్టించుకుంటారని బాణీ కట్టేవాడు కూడా అనుకుంటే, కవి రెండో చరణం ఎవరి కోసం రాయాలి?

పైగా పాటలన్నీ ఒక్కసారి రావు. ముందు ఫలానా తేదీన పాట వస్తుందని పోస్టర్, తర్వాత పాట ముక్క, తర్వాత లిరికల్ వీడియో, ఇరవై నాలుగు గంటల్లో ఎన్ని లక్షల మంది చూశారన్న ప్రకటన. నెలన్నర తర్వాత రెండో పాట. పెళ్లి విస్తట్లో పప్పు ఈ నెల, పులుసు వచ్చే నెల వడ్డించినట్టుంటుంది నాకు. సినిమా వచ్చేసరికి మొదటి పాట పాతబడుతుంది, చివరి పాటని వినేవాడే ఉండడు. ఆరు పాటలూ ఒకే మనసులోంచి వచ్చాయన్న సంగతి ఎవరి బుర్రలోనూ మిగలదు. అలాంటప్పుడు ఏడాది మొత్తానికి గొప్ప ఆల్బమ్ ఏది అన్న ప్రశ్నకి అర్థమేముంది?

ఇప్పుడు మంచి సంగీతం రావడం లేదని మాత్రం నేను అనను. 2018లో 'మహానటి'కి మిక్కీ జె. మేయర్ ఇచ్చింది విన్నాను, 2022లో 'సీతారామం'కి విశాల్ చంద్రశేఖర్ ఇచ్చింది విన్నాను. రెండూ మొత్తంగా, ఒక ఇల్లులా కట్టిన సంగీతాలే. 2023లో 'బలగం'. భీమ్స్ సిసిరోలియో బాణీలు, కాసర్ల శ్యామ్ మాటలు, తెలంగాణ పల్లె చావింటి దుఃఖం. బుర్రకథలు, ఒగ్గుకథలు విన్న చెవులున్నవాళ్లకి ఆ గొంతులు ఎక్కడివో వెంటనే తెలుస్తాయి. కాసర్ల శ్యామ్‌కి అందులోని పాటకే జాతీయ అవార్డు వచ్చింది. ఆ సినిమా పాటలు ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి మొదటి నుంచి చివరి దాకా వినిపించాను. మధ్యలో ఫోన్ ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదని ముందే చెప్పాను. చివర్లో మా అమ్మాయి కళ్లు తుడుచుకుని, "ఇవన్నీ కలిపి వింటే వేరేగా ఉంది నాన్నా" అంది.

వేరేగానే ఉంటుంది మరి! అందుకే సంగీతం కంపెనీలవాళ్లని అడుగుతున్నాను. సినిమాకి ముందు పాటలన్నీ ఒకే రోజున, స్వరకర్త తను అనుకున్న వరసలో విడుదల చేయండి. పాట పేరు పక్కనే, అదే సైజు అక్షరాల్లో రాసినవాడి పేరు వేయండి. కవికి రెండో చరణం రాసుకోనివ్వండి. వినేవాళ్లు ఉన్నారు.