చెయ్యి నాది, మొక్కు ఆవిడది

కోనసీమలో పుట్టి కొబ్బరికాయ ఒలవడం రానివాడికి పిల్లనివ్వరంటారు. నాకు రాదు. మా మామగారు అడగలేదు, నేను చెప్పలేదు, పెళ్లైపోయింది. ఇన్నేళ్ల తర్వాత ధనుర్మాసంలో ఒకరోజు ఒలుపు కుర్రాడు రాలేదని, పెరట్లో పాతిన గునపం మీద నేనే ప్రతాపం చూపించబోయాను. కాయకి ఏమీ కాలేదు. నా అరచెయ్యి బొటనవేలి కింద తెగింది.

తెగింది చిన్నదే. టీటీ ఇంజక్షన్ పొడిపించుకున్నాను, బిళ్లలు మింగాను, కట్లు మార్పించుకున్నాను. మానదే! పైన పెచ్చు కడుతుంది, హమ్మయ్య అనుకునేలోపు మళ్లీ తడి. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లదీ ఒకటే ప్రశ్న: ‘షుగర్ చూపించుకున్నారా అండీ?’ చూపించుకున్నాను, లేదు. లేదనగానే వాళ్ల మొహాల్లో అంత నిరాశ ఎందుకో నాకిప్పటికీ తెలీదు.

అసలు బాధ అరచేతిలో లేదు. మొదటి సంక్రాంతికి కొత్తల్లుడు వస్తున్నాడు. కొత్తల్లుడి ముందు వందల రకాలు పేర్చి పేపర్లో ఫొటో వేయించుకునే ముచ్చట గోదావరి జిల్లాల్లో ఎవరు మొదలెట్టారో గానీ, ఆ మహానుభావుడికి ఆడపిల్లలు ఉండి ఉండరు. పైగా వియ్యంకుడు ఫోనులో నవ్వుతూ ‘మావాడికి పులసంటే ప్రాణమండి’ అన్నాడు. వరదనీటికి ఎదురీదే చేపని జనవరిలో ఎక్కణ్ణుంచి తేను? అర్ధరాత్రి లేచి కూర్చుని అరిసెలు, సున్నుండలు, పూతరేకులు లెక్కేసుకోవడం, పులస దగ్గరికి రాగానే ఆగిపోవడం, మళ్లీ అరిసెల నుంచి మొదలు.

చదువుకున్నవాణ్ణి కాబట్టి, దిగులుపడితే గాయం మానదనడానికో శాస్త్రం కూడా వెతికి పట్టుకున్నాను. అమెరికాలో ఒహాయోవాళ్లు దంతవైద్య విద్యార్థుల అంగిట్లో మూడున్నర మిల్లీమీటర్ల గాటు పెట్టి చూశారు, ఒకసారి వేసవి సెలవుల్లో, ఒకసారి పరీక్షల ముందు. పరీక్షలప్పటి గాటు మానడానికి సగటున మూడు రోజులు ఎక్కువ పట్టిందని 1998లో ప్రకటించారు. 1995లో, మతిమరుపు జబ్బుతో ఉన్న అయినవాళ్లకి సేవ చేస్తున్న ఆడవాళ్లని మిగతావాళ్లతో పోల్చి చూస్తే, తేడా తొమ్మిది రోజులు. దిగులుపడ్డప్పుడు పెరిగే కార్టిసాల్ అనే హార్మోను, గాయం దగ్గరికి మరమ్మతు కణాలని పిలిచే సంకేతాల గొంతు నొక్కేస్తుందట. ఇదంతా మా ఆవిడకి గంటసేపు విడమరిచి చెప్పాను. ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూనే విని, ‘అయితే దిగులు పడకండి’ అంది. ఆ మందు ఏ షాపులో దొరుకుతుందో ఒహాయోవాళ్లు రాయలేదు.

షాపు అడ్రసు ఆవిడ దగ్గరుంది. ఆత్రేయపురం మండలం వాడపల్లి, గౌతమి ఒడ్డు, ఎర్రచందనపు వెంకన్న. వరసగా ఏడు శనివారాలు దర్శనం చేసుకుంటానని మొక్కుకుంటే ఆయన కాదనడని మావాళ్ల నమ్మకం. ఒకరోజు గోడ మీంచి పక్కింటావిడతో చెబుతుంటే విన్నాను: ‘ఆయన కోసం ఏడు వారాలు మొక్కుకున్నాను వదినా, ఇంక ఆ వెంకన్నే చూసుకోవాలి.’

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఏడు వారాలా? డాక్టరుగారు నాకు చెప్పనిది ఈవిడకి ఏం చెప్పాడు?

ఈ గుండెదడకి కూడా శాస్త్రం ఉంది. గుండెకి బైపాస్ చేయించుకున్న 1,802 మంది మీద హెర్బర్ట్ బెన్సన్ బృందం చేసిన పరీక్ష 2006లో అచ్చయింది. తమ పేరున ప్రార్థన జరుగుతోందో లేదో తెలియనివాళ్లలో, జరిగినా జరక్కపోయినా, సగం మందికి కాస్త పైగా చిక్కులొచ్చాయి. ‘మీ కోసం తప్పకుండా ప్రార్థిస్తున్నాం’ అని చెప్పించుకున్నవాళ్లలో 59 శాతం మందికి! కాకతాళీయమే కావచ్చన్నారు. వ్యవహారం దేవుడిదాకా వెళ్లిందంటే కేసు ముదిరిందని రోగి హడలిపోయాడేమో అని కూడా అన్నారు. నన్నడిగితే రెండోదే రైటు. ఆ రాత్రి అరిసెలు మానేసి నా బీమా పాలసీలు లెక్కపెట్టుకున్నాను.

మొక్కు తీర్చడానికి మా ఆవిడ నన్ను కూడా తీసుకెళ్లింది. వాడపల్లిలో శనివారం ప్రదక్షిణ అంటే మనం నడవక్కర్లేదు, జనమే నడిపిస్తారు. ముందు నడిచేవాళ్ల మడమలు తొక్కకుండా, మన మడమలు తొక్కించుకోకుండా, చంటిపిల్లాడి కాలు చెవికి తగలకుండా చూసుకునేసరికి పులస మాట మర్చిపోయాను. వెనక ఒక పెద్దాయన ‘గోవిందా’ అని లాగాడంటే ఆ చివరి దీర్ఘం ఎక్కడాగుతుందో తెలీదు. ఆయనతో పాటు నేనూ లాగాను. జపమాల ప్రార్థన, మంత్రజపం ఊపిరిని నిమిషానికి ఆరుసార్ల దాకా నెమ్మదింపజేస్తాయని, అది గుండెకి మంచిదని 2001లో ఇటలీవాళ్లు కొలిచారు. మా పెద్దాయన ఊపిరి ఎవరూ కొలవలేదు గానీ, నాకు ఆ రాత్రి నిద్ర పట్టింది.

పండగ వచ్చింది. భోగినాడు అల్లుడు విస్తరి చూసి తెల్లబోయాడు. చెయ్యి కడుక్కునేటప్పుడు నా పక్కకొచ్చి ‘మావయ్యగారూ, నాకు గ్యాస్ట్రబులండి. ఇక్కడ ఎన్ని రకాలు తినాలో అని నెల్లాళ్లుగా నిద్ర లేదు. రేపు కాస్త మజ్జిగన్నం పెట్టిస్తారా?’ అన్నాడు. కౌగిలించుకున్నాను. పులస వాళ్ల నాన్నకిష్టమట.

అల్లుడు బండెక్కాక నా చెయ్యి చకచకా ఎండిపోయింది. ఘనత కోసం ఇంట్లో పెద్ద తగువు. పసుపు రాసిన మా అత్తగారిదా, బిళ్లలిచ్చిన డాక్టరుగారిదా, వెంకన్నదా, గ్యాస్ట్రబులుదా? నేను కార్టిసాల్ పక్షాన మాట్లాడి, ‘చెయ్యి మానిపోయిందిగా, మిగిలిన శనివారాలు ఎందుకు?’ అన్నాను.

మా ఆవిడ నావైపు వింతగా చూసింది. ‘చెయ్యి కోసం మొక్కుకున్నానని మీకెవరు చెప్పారండీ? కోసుకున్న చెయ్యి అదే మానుతుంది. అల్లుడి ముందు మీ ఉపన్యాసాలు తగ్గాలని మొక్కుకున్నాను.’

‘మరి తగ్గాయా?’

‘ఇంకా రెండు వారాలున్నాయిగా’ అంది.