దవడలో పోరంబోకు

మా రావికమతంలో స్థలం తగువు లేని ఇల్లు వెతికి పట్టుకోవడం కష్టం. గట్టు తగువు, గోడ తగువు, చెరువుగర్భం తగువు. నలభై మూడేళ్ళొచ్చినా నాకే తగువూ లేదని మొన్నటిదాకా మీసం దువ్వుకుంటూ తిరిగాను. తీరా చూస్తే ఆక్రమణ నా నోట్లోనే ఉంది.

కింది దవడ, ఎడమవైపు చిట్టచివర. నా ఇరవై నాలుగో ఏట అక్కడొకడు చొరబడ్డాడు. అప్పటికే ముందొచ్చినవాళ్ళు జాగా అంతా పంచేసుకున్నారు. నిలబడ్డానికి చోటు లేకపోతే మనవాళ్ళేం చేస్తారు? అడ్డంగా పడుకుంటారు. వాడూ అంతే. కాళ్ళు దవడ ఎముకలో, తల పక్కవాడి పునాదిలో. సగం చిగురు దుప్పటి కప్పుకుని, సగం బయటికి చూస్తూ పంతొమ్మిదేళ్ళు కాపురం చేశాడు. పేరుకి పన్నే గానీ ఏనాడూ పన్ను కట్టినవాడు కాడు. ఒక్క మెతుకు నమిలిపెట్టిన పాపాన పోలేదు.

దీని పేరు జ్ఞానదంతం. పదిహేడుకీ ఇరవై అయిదుకీ మధ్య, అంటే మనిషికి బుద్ధొచ్చే వయసులో మొలుస్తుందని గ్రీకులూ లాటిన్ వాళ్ళూ ముచ్చటపడి పెట్టిన పేరును మనం తెలుగు చేసుకున్నాం. మా అమ్మ మాత్రం దవడపన్ను అనే అంటుంది. కన్నకొడుకు మీద ఆవిడకి అంతకుమించి ఆశల్లేవు.

అది మొలిచిన నాటికి మాది విశాఖపట్నం జిల్లా. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా అయిపోయాం. మంచం మీంచి లేచేసరికి జిల్లా మారిపోయింది గానీ ఆ పన్ను మాత్రం ఉన్నచోటు నుంచి నలుసంత కదల్లేదు. 

మొన్న మాఘమాసంలో బెల్లం గానుగ దగ్గర చెరకు ముక్క నమిలాను. పీచు ఒకటి వెళ్ళి ఆ చిగురు దుప్పటి కింద దూరింది. మూడోనాటికి దవడ వాచి పనసకాయ. నోరు వేలెడంత కూడా తెరుచుకోదు. పక్కింటి బావ వచ్చి తేరిపార చూసి, "ఏటి మేస్టారూ, కిళ్ళీ బుగ్గనెట్టుకు తొంగున్నారేటి?" అన్నాడు.

అక్కణ్ణుంచి మొదలైంది దర్బారు. లవంగం పెట్టమని ఒకరు. అది నిజంగానే పని చేస్తుంది, లవంగ నూనెలో యూజెనాల్ ఉంటుంది, కాసేపు మొద్దుబారుస్తుంది. ఉప్పునీళ్ళు పుక్కిలించమని ఇంకొకరు. సారా పుక్కిలించమని మరొకరు. ఉమ్మెయ్యాలా మింగాలా అని అడిగితే "అది తవరిష్టం" అన్నాడు. చెవిలో పసరు పోసి పంటి పురుగుల్ని బయటికి రప్పించే ఆయన ఫలానా ఊళ్ళో ఉన్నాడన్నది నాలుగో సలహా. మా ఆరెంపీ డాక్టరు "వేడి చేసినాది" అని తేల్చేశాడు. ఆయన లెక్కలో కాలు విరిగినా వేడి చేసినట్టే.

పీకించుకుంటానన్నాక గానీ అసలు గోల మొదలవలేదు. "బాబోయ్, పన్ను పీకిత్తే కళ్ళు పోతాయి" అంది మా అప్ప. పైపన్ను కాదే, కిందిది అన్నాను. ఆవిడ రెండు నిమిషాలు ఆలోచించి, "అయితే సెవులు" అంది.

మా తాతకి ఈ బాధ లేదు. చెరకు గడని పళ్ళతోనే చీల్చేవాడు, జొన్నరొట్టె, చోడి ముద్ద, ఎండు చేప, ఏది పెట్టినా దవడలకి చాకిరీయే. చిన్నప్పట్నుంచీ గట్టి తిండి నమిలితే దవడ బాగా పెరుగుతుందనీ, మెత్తటి తిండికి అలవాటుపడ్డ కొద్దీ కురచబడుతుందనీ, ఆఖరి పళ్ళకి చోటు చాలదనీ శాస్త్రజ్ఞులు అంటున్నారు. నాగరికులలో ఈ పళ్ళు క్షీణదశలో ఉన్నాయని డార్విన్ 1871లోనే రాశాడు. గోవాడ చక్కెర ఫ్యాక్టరీ పొగ చూస్తూ పెరిగినవాణ్ణి నేను. మా పిల్లలు చెరకుని ఐసుముక్కలేసిన గ్లాసులోనే ఎరుగుదురు. మా మనవల నాటికి దవడ ఉంటుందో, గొట్టం ఒక్కటే మిగుల్తుందో!

మా ఉత్తరాంధ్ర నోళ్ళకి ప్రపంచ ఖ్యాతి లేదనుకోకండి. మా నాయనమ్మ అడ్డపొగ తాగేది. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నా: చుట్ట వెలిగించి, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీల్చడం. అదేం చిత్రమో చూద్దామని డెన్మార్క్ నుంచి పిండ్‌బోర్గ్ అనే దంతవైద్య పండితుడూ, బొంబాయి టాటా సంస్థ పరిశోధకులూ కలిసి శ్రీకాకుళం జిల్లాలో ఊరూరా తిరిగి 10,169 మంది నోళ్ళు తెరిపించి అంగుళ్ళు పరీక్షించారు. 1971లో బ్రిటిష్ కేన్సర్ పత్రికలో అచ్చయింది. ఆ పొగ అంగుట్లో కేన్సర్‌కి దారి తీస్తుందని తేలింది కాబట్టి ఇందులో నవ్వడానికేం లేదు. నాకు ఆశ్చర్యం వేసేది ఒక్కటే. పదివేల మంది మావాళ్ళు అరిచి పోట్లాడకుండా, ఎదురు సలహా చెప్పకుండా, నోరు తెరిచి ఊరుకున్నారంటే ఆ దొర సామాన్యుడు కాడు.

సరే, అనకాపల్లి ప్రయాణం. బీఎన్ రోడ్డు మీద పల్లెవెలుగు బస్సు. ఈ దారిన పన్ను పోటుతో వెళ్ళేవాడికి డాక్టరు ఖర్చు సగం కలిసొస్తుంది. ఒక్కో గోతిలో బస్సు దిగి లేచినప్పుడల్లా నా పోరంబోకువాడు కూడా లేచి కూర్చునేవాడు. వడ్డాది దాటేసరికి ఊడి చేతిలోకొస్తుందేమో అనుకున్నాను. చోడవరంలో బస్సాగినప్పుడు స్వయంభూ విఘ్నేశ్వరుడికి అక్కణ్ణుంచే దణ్ణం పెట్టాను. పన్ను విరగ్గొట్టుకుని భారతం రాసినవాడాయన. నేను పీకించుకుని కనీసం ఒక కాలం రాయలేనా!

డాక్టరమ్మకి మా పెద్దమ్మాయి వయసుంటుంది. ఓపీజీ అని ఫొటో తీయించింది. తలచుట్టూ మిషను తిరిగి, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా పళ్ళికిలించిన పుర్రె ఒకటి తెర మీద పడింది. నలభై మూడేళ్ళలో నేనంత మనసారా నవ్విన ఫొటో ఇంకోటి లేదు. ఆవిడ పెన్నుతో చూపించింది. "ఇదిగో అంకుల్, ఇలా పడుకుంది. పక్క పన్ను కూడా పాడవుతోంది. వేళ్ళ కిందే నరం ఉంది, దానికి తగిలితే పెదవి మొద్దుబారొచ్చు, చాలా అరుదు. ఇక్కడ సంతకం పెట్టండి." మా ఊళ్ళో సర్వే చేసి, హద్దులు చూపించి, నోటీసిచ్చి, సంతకం తీసుకుని ఆక్రమణ తొలగించడం నేను ఎన్నడూ చూడలేదు. కళ్ళనీళ్ళ పర్యంతమైంది.

సూది గుచ్చింది. లిగ్నోకెయిన్. 1943లో స్వీడన్లో లోఫ్‌గ్రెన్ కనిపెట్టిన మందు; ఆయన శిష్యుడు తన ఒంటి మీదే గుచ్చుకుని పరీక్షించాట్ట. అంతకుముందు వందేళ్ళ నాటి కథ ఇంకా గొప్పది. హొరేస్ వెల్స్ అని అమెరికాలో హార్ట్‌ఫర్డ్ ఊరి పళ్ళ డాక్టరు. ఊళ్ళోకొచ్చిన నవ్వుల గ్యాసు తమాషా చూడ్డానికి వెళ్ళాడు. గ్యాసు పీల్చి గంతులేస్తున్న ఒకడికి కాలు చీరుకుపోయినా తెలియకపోవడం గమనించాడు. మర్నాడే, 1844 డిసెంబరు 11న, తానే గ్యాసు పీల్చి తోటి డాక్టరు చేత తన పన్నే పీకించుకున్నాడు. అదీ జ్ఞానదంతమే అంటారు. అక్కడితో ఆగితే బాగుండేది. తర్వాతి నెల బోస్టన్ వెళ్ళి పెద్దల ముందు చేసి చూపించబోతే, గ్యాసు చాలక రోగి కేక పెట్టాడు, సభ గేలి చేసి పంపింది. జ్ఞానం ఊడి రెండు నెలలైనా తిరక్కుండా సభలెక్కితే అంతే మరి. మనవాళ్ళు ఊడకముందే ఎక్కుతారు, అది వేరే సంగతి.

నాకు నొప్పి తెలియలేదు. చప్పుడు తెలిసింది. చిగురు కోసి, ఎముక కాస్త చెక్కి, పన్నుని రెండు ముక్కలు చేసి తీస్తుంటే, ఎక్కడో పక్కవీధిలో ఎవరిదో పాతిల్లు కూలుస్తున్నట్టు వినపడింది. నోట్లో కల్యాణపులోవ గేట్లెత్తినట్టు నీళ్ళు. ముప్పావుగంటకి పళ్ళెంలో రెండు తెల్లటి ముక్కలు ఖణేలుమన్నాయి. ఇంత చిన్నదా! దీని కోసమా ఊరంతా నా ఇంటికొచ్చింది! రెండు కుట్లు వేసి, గాజుగుడ్డ మడత పెట్టి, గట్టిగా కొరికి పట్టుకోమంది. ఉమ్మకూడదు, స్ట్రాతో తాగకూడదు, చుట్టా బీడీ ముట్టకూడదు, గడ్డకట్టిన రక్తం ఊడిపోతే గుంట ఎండిపోయి ప్రాణం తోడేస్తుందిట. చల్లటివి తినమంది. ఇంకో నాలుగు గుడ్డ మడతలు పొట్లం కట్టిచ్చి, "రెండ్రోజులు ఎక్కువ మాట్లాడకండి అంకుల్" అంది.

నేను బళ్ళో తెలుగు చెప్పేవాణ్ణి, వారం వారం ఈ కాలం రాసేవాణ్ణి. నాకా మాట ఇంతకుముందు డాక్టరెవరూ చెప్పలేదు.

ఇంటికొచ్చి వాలుకుర్చీలో పడ్డాను. సాయంత్రం బావమరిది మాడుగుల హల్వా పొట్లంతో వచ్చాడు. నమలక్కర్లేదు బావా, జారిపోద్ది అన్నాడు. కాసేపయ్యాక అప్పుకి హామీ సంతకం సంగతి ఎత్తాడు. మామూలుగా అయితే గంటసేపు అర్థశాస్త్రం చెప్పేవాణ్ణి. నోట్లో గుడ్డ. "ఊఁ" అన్నాను, వద్దని. ఆయన సరేననుకున్నాడు. తర్వాత అమ్మవారి పండగ చందా కుర్రాళ్ళు. వాళ్ళకి నేను రెండు వేళ్ళు చూపించాను, రెండొందలని. రెండువేలకి రసీదు చింపి చేతిలో పెట్టారు. చీకటిపడ్డాక పక్కింటి బావ వచ్చాడు. చాలాసేపు నా దవడని మెచ్చుకున్నాడు. పోతూ పోతూ, "గోడ కొత్తగా లేపుతున్నాం మేస్టారూ, ఒక్క అడుగు ఇటేపు జరుగుతాది. తవరికి అబ్బెంతరం నేదు గదా?" అన్నాడు. నేను ఉలిక్కిపడి లేచి రెండు చేతులూ అడ్డంగా ఊపాను. నోట్లోంచి "ఊఁ! ఊఁ! ఊఁ!" అని మూడుసార్లు మాత్రం వచ్చింది. "మీ మనసు నాకు తెల్దేటి" అని దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. తెల్లారి లేచేసరికి పునాది తవ్వకం అయిపోయింది. నా పన్నులాగే అదీ కాస్త నావైపు వాలింది.

ఆ రెండు రోజులూ మా ఆవిడ ముఖంలో ఏదో కళ. వంటింట్లోంచి కూనిరాగం వినపడేది. పెళ్ళయిన కొత్తలో విన్నాను, మళ్ళీ ఇదే.

వారం తర్వాత కుట్లు తీయించుకోడానికి వెళితే తనూ బయల్దేరింది. మిగతా మూడు జ్ఞానదంతాల సంగతేమిటని డాక్టరమ్మని అడిగాను. అవి నిటారుగానే ఉన్నాయి, బాధ పెట్టనంతకాలం వాటి జోలికి పోవద్దంది. బ్రిటన్‌లో నైస్ అనే ప్రభుత్వ సంస్థ కూడా 2000లో ఇదే మాట చెప్పింది, జబ్బు లేనిదాన్ని ఊరికే పీకొద్దని. అంటే ఆక్రమణల క్రమబద్ధీకరణ అన్నమాట! ఈ ముక్క మీద నేను గొంతు సవరించుకుని, డార్విన్ దగ్గర్నుంచి మొదలుపెట్టి, వెల్స్ మీదుగా, భూముల రీసర్వే దాకా వచ్చేసరికి మా ఆవిడ కుర్చీ ముందుకి జరిగింది.

"అమ్మా, ఆ గాజుగుడ్డలు విడిగా అమ్ముతారా?"