ఉప్పుగాలిలో గిటారు

మా నౌపడలో 'బ్యాండ్ పెడుతున్నాం' అంటే ఇన్నాళ్లూ ఒకటే అర్థం: ఎవరింట్లోనో పెళ్లి కుదిరింది. అందుకే ఆ మధ్య మా మేనల్లుడు ఆ మాటంటే "ఎవరికిరా ముహూర్తం?" అన్నాను. వాడు జాలిగా చూశాడు. "ఆ బేండు కాదు మావయ్యా, రాక్ బేండు!"

నలుగురు కుదిరారట. పేరు ఖాయమైంది. ముందుముందు ఎవరు ఎవరితో గొడవపడి విడిపోవాలో కూడా మాట్లాడేసుకున్నారు. మరి వాయించడం ఎవరికొచ్చురా అంటే, "అదెంతసేపు మావయ్యా, తర్వాత సూసుకుంతాం" అన్నాడు.

వాణ్ణని ఏం లాభం? పాఠం చెప్పిన గురువులు అలాంటివాళ్లు. 2014లో ఎంటీవీలో మొదలైన 'కైసీ యే యారియా' సీరియల్‌లో ముంబై కాలేజీ పిల్లల బ్యాండ్ ఉంది, 'ఫ్యాబ్ ఫైవ్' అని. అలకలకీ ప్రేమలకీ కన్నీళ్లకీ లోటు లేదు. ఎవరైనా కాసేపు కూర్చుని గిటారు తీగ శ్రుతి చేసుకుంటారేమోనని చూసి చూసి నా కళ్లు కాయలు కాశాయి. 2020లో వచ్చిన 'బందిష్ బాండిట్స్' సిరీస్ కాస్త నయమే, అందులో సాధన కనిపిస్తుంది. అయితే అదంతా జోధ్‌పూర్ తాతగారి శాస్త్రీయ సంగీతం ఖాతాలోకి పోతుంది. బ్యాండ్‌లో పాడటానికి మనవడికి కావలసిందల్లా ఒక ముసుగు. మొహం కప్పుకుంటే తాతకు తెలియదట! మా వైపు పగటివేషగాడు నిలువెల్లా రంగు పూసుకొచ్చినా, గొంతు విని "ఏటి బావూ, ఈ ఏడు ఆలీసెమైంది?" అనే ముసలమ్మలున్నారు.

ఈ సిరీస్‌ల బ్యాండ్లు పైకొచ్చే వేగం మరీ చిత్రం. పర్లాకిమిడి రాజావారి చిన్న రైలు 1900లో మా నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా వెళ్లింది. అక్కణ్నుంచి గుణుపురానికి పట్టాలు పడేసరికి 1931 వచ్చింది. సిరీస్‌లో కార్ల షెడ్డు నుంచి స్టేడియానికి ఒక్క పాట చాలు, అందులోనూ సగం స్లో మోషన్.

పైగా స్టేజీ మీద ఆ బ్యాండ్ల గెంతుల్ని 'ఎనర్జీ' అని మనకి పరిచయం చేస్తారు. గుండె మీద రేకు తప్పెట, కాళ్లకు గజ్జెలు కట్టుకుని, పాడుతూ వాయిస్తూ, ఒకరి భుజాలమీద ఒకరెక్కి తెల్లవార్లూ ఆడే మా తప్పెటగుళ్ల వాళ్లు ఏ కరెంటు పెట్టెలో ప్లగ్గు గుచ్చుకుని ఆడుతున్నారు? టీవీలో వాళ్ల వాటా సంక్రాంతి పూట రెండు నిమిషాలు. అందులో ఒకటిన్నర యాంకరమ్మది. అసలు సాధన చూడాలంటే దూరం పోనక్కర్లేదు. విజయనగరంలో 1919లో సంగీత కళాశాల పెడితే దానికి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. పాట, ఆట, కథ, చేతిలో చిడతలు... నలుగురి పని ఆయనొక్కడే చక్కబెట్టేవాడు. అదే కాలేజీలో ద్వారం వెంకటస్వామినాయుడు సీమ నుంచొచ్చిన ఫిడేలును మన ఇంటి పిల్లను చేసేశాడు. ఆయన కథ నిండా సాధనే. ఎవడు తీస్తాడు సిరీస్?

మావాడి గిటారు సంగతి చెప్పలేదు కదూ. కొన్న వారం రోజులు ఫోటోలు దిగింది, తర్వాత కిటికీ పక్క మేకుకు వేలాడింది. ఉప్పుమడుల మీంచి వచ్చే గాలి ఇనప గేటునే తినేస్తుంది, సన్నతీగ ఒక లెక్కా? నెల తిరక్కుండా తీగలు చిలుం పట్టి గరగరలాడాయి. మొదటిసారి గట్టిగా మీటిన రోజే ఒకటి తెగి వేలు గీరింది. రక్తం చూసుకుని వాడు మురిసిపోయాడు, అచ్చం ఎనిమిదో ఎపిసోడ్‌లో లాగే ఉందని.

మొన్న వీధిలో పెళ్లి. డప్పులవాళ్లు ముందే వచ్చి గోడవారగా గడ్డి మంటేశారు. డప్పు కాచి, వేళ్లతో తట్టి, తల వంచి విని, ఇంకా మొద్దుగానే ఉందని మళ్లీ మంట మీదికి తిప్పుతున్నారు. మావాడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. హమ్మయ్య, ఇప్పటికైనా బుర్రకెక్కిందనుకున్నాను. వాడు జేబులోంచి ఫోన్ తీశాడు.

"మావయ్యా, కాసింత పక్కకి జరుగు. పొగ భలే పడతంది, మా ఫస్టు ఎపిసోడ్‌కి పనికొస్తాది!"