సముద్రానికి మీ టైంటేబుల్ అందిందా?

మూడు రాత్రులు, నాలుగు పగళ్ళు. అయిదు దీవులు, ఏడు బీచ్‌లు, ఒక జైలు, రెండు సూర్యాస్తమయాలు, సముద్రం అడుగున ఒక ఫొటో. పొద్దున టిఫిన్ ఉచితం, మధ్యాహ్నం ఆంధ్రా భోజనం గ్యారంటీ. తలకి ఇంత అని పెద్ద అక్షరాల్లో, షరతులు వర్తిస్తాయని కనపడీ కనపడని అక్షరాల్లో. దసరా సెలవులు దగ్గరపడితే చాలు, మన ఊళ్ళల్లో ట్రావెల్ ఏజెంట్ల బోర్డుల మీద అండమాన్ ఇలాగే విరగకాస్తుంది.

ఈ ప్యాకేజీ కాగితం తయారుచేసిన మహానుభావుడంటే నాకు అపారమైన గౌరవం. అండమాన్ నికోబార్‌లో దీవులు, తిప్పలు, నీళ్ళలోంచి తల పైకెత్తిన రాళ్ళు అన్నీ కలిపి 836 అని ప్రభుత్వం లెక్క. ఈ కొసనుంచి ఆ కొసకి ఏడు వందల కిలోమీటర్లు దాటిపోతుంది. అంతటి దాన్ని నాలుగు పగళ్ళలోకి మడతపెట్టి, పైన పట్టు చీరల షాపింగుకి గంటన్నర మిగిల్చాడంటే సామాన్యుడు కాదు. సముద్రం మధ్య పట్టు చీరలేమిటని అడక్కండి. కమీషన్‌కి కూడా ఒక దీవి ఉంటుంది.

మొదట సూర్యుడి సంగతి. ఒక డిసెంబర్ ప్యాకేజీలో రెండో రోజు కింద ‘సా. 6 గంటలకు రాధానగర్ బీచ్‌లో సూర్యాస్తమయం’ అని వేశారు. డిసెంబర్‌లో అక్కడ సూర్యుడు అయిదింటి ప్రాంతంలోనే డ్యూటీ దిగిపోతాడు. మన దేశం గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని పట్టుకుని నడుస్తుంది. ఆ రేఖ మన కాకినాడకి పక్కనుంచే పోతుంది. అండమాన్ దానికి ఇంకో పది డిగ్రీలు తూర్పున ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున నలభై నిమిషాలు. బళ్ళో చెప్పిన పాఠమే. అయితే ఏం, కాగితంలో ఆరు అని ఉంది కాబట్టి వ్యాను ఆరింటికే వచ్చి ఆగుతుంది. దిగినవాళ్ళు సెల్‌ఫోన్ లైట్లు వేసుకుని ఆసియాలోకెల్లా మేలైన బీచ్ ఎక్కడుందా అని వెతుక్కుంటారు. 2004లో టైమ్ పత్రిక ఆ మాట అన్న నాటినుంచీ ఏజెంట్లు దాన్ని వదల్లేదు. చీకట్లో కూడా మేలైనదే అయ్యుంటుంది, కాదని ఎవరు చెప్పగలరు?

ఇక నీల్ దీవి. 2018లో దానికి షహీద్ ద్వీప్ అని, రాధానగర్ బీచ్ ఉన్న హేవ్‌లాక్‌కి స్వరాజ్ ద్వీప్ అని పేర్లు పెట్టారు; 2024లో పోర్ట్ బ్లెయిర్ కూడా శ్రీ విజయపురం అయింది. ప్యాకేజీలు మాత్రం అవసరాన్ని బట్టి పాత పేరొకసారి, కొత్త పేరొకసారి వాడుకుంటాయి. రెండూ ఒకే జాబితాలో పడితే ఒక దీవి ఎక్కువ చూపించినట్టు లెక్క తేలుతుంది. ఆ నీల్‌లో సముద్రం తొలిచిన ఒక రాతి వంతెన ఉంది. అక్కడ స్థిరపడిన బెంగాలీలు ముద్దుగా హౌరా బ్రిడ్జి అంటారు. దాని దగ్గరికి పోవాలంటే పాటు సమయంలో, నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడే పోవాలి. పోటూ పాటూ రోజుకి రెండేసి సార్లు వస్తాయి, కానీ నిన్నటి వేళకి ఇవాళ రావు. రోజుకి సుమారు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతాయి. మన కాగితంలో మాత్రం ఏ తేదీన వెళ్ళినా ‘మ. 3 గంటలకు సహజ వంతెన’. ఆ వేళకి పోటు మీద ఉన్న రోజున జనం ఒడ్డున నిలబడి నీళ్ళని చూసి, “ఏమయ్యా, డబ్బులు కట్టాం కదా” అని డ్రైవర్‌ని నిలదీస్తారు. డ్రైవర్ సముద్రం వైపు చూస్తాడు. సముద్రానికి ఇంకా ఐటినరీ అందినట్టు లేదు.

అందితే ఇంకా బాగుండేది పడవల విషయంలో. పోర్ట్ బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్‌కి ప్రైవేటు పడవలో గంటన్నర పడుతుంది, ప్రభుత్వ పడవలో ఇంకాస్త ఎక్కువ. గాలి తిరిగితే రెండూ కదలవు. జూన్‌లో వానలు పట్టుకున్నాక ‘ఆఫ్ సీజన్ బంపర్ ఆఫర్’ కొన్నవాళ్ళు జెట్టీలో సూట్‌కేసుల మీద కూర్చుని ఆ బంపర్‌ని తనివితీరా అనుభవిస్తారు. ఈ మధ్య ఇంకో చిట్కా బయల్దేరింది: ‘ప్రైవేటు పడవ దండగ, సర్కారు పడవెక్కండి, సగానికి సగం మిగుల్తుంది.’ బ్రహ్మాండం. సర్కారు పడవ ఉన్నది అక్కడివాళ్ళ కోసం. ఆస్పత్రికి పోయే ముసలమ్మకి, పరీక్ష రాయాల్సిన కుర్రాడికి అదే బస్సు. విమానం టికెట్టుకి లేచిపోయిన వేల గురించి పల్లెత్తు మాట అననివాడు ముసలమ్మ సీటు మీద కొన్ని వందలు మిగిల్చి, ఆ తెలివితేటల మీద వీడియో కూడా తీసి పెడతాడు. ఆ వీడియో చకచకా ఎక్కడానికి 2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున 2,300 కిలోమీటర్ల కేబుల్ వేశారు మరి.

తిండి దగ్గరికొద్దాం. ప్యాకేజీ పంచప్రాణాలూ అక్కడే ఉన్నాయి.

హేవ్‌లాక్‌లో ఊళ్ళని నంబర్లతో పిలుస్తారు. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థులని 1950లలో తెచ్చి దించినప్పటి సంగతి అది. మూడో నంబరు గోవింద్‌నగర్, అక్కడే బజారు. ఏడో నంబరు రాధానగర్. ఆ బజారులో రేకుల కప్పు కింద నాలుగు బల్లలు, గోడకి దుర్గమ్మ పటం, గుమ్మంలో నీళ్ళ డ్రమ్ము. వడ్డించే ఆవిడే వండే ఆవిడ. పళ్ళెంలో ఉడుకుడుకు అన్నం, ఎర్ర కందిపప్పు, బంగాళాదుంప వేపుడు, ఆవపిండి ఘాటు తగిలే పులుసులో పొద్దున పడవ దిగిన చేప ముక్క. ఇంతకంటే చవగ్గా, ఇంతకంటే తాజాగా ఆ దీవిలో మరో భోజనం దొరకదు. మనవాడు బల్ల ముందు కూర్చోడు. గుమ్మంలోనే నిలబడి, “అన్‌లిమిటెడ్ హై క్యా?” అంటాడు. తరవాత పెరుగెంత, ఉల్లిపాయ ఎందుకు వెయ్యలేదు, ఇరవై తగ్గిస్తావా. అదే రోజు పొద్దున ఇదే మనిషి నీళ్ళలోకి దిగి, వెనకనుంచి ఎవరో కుర్రాడు సిలిండర్ పట్టుకుని తోస్తూ ఉంటే రెండు చేతులూ చాచి ‘స్కూబా డైవింగ్’ చేసి, ఆ వీడియోకి వేలు సమర్పించుకుని వచ్చాడు. అక్కడ బేరం లేదు. చేపల్ని చూడ్డానికి ఎంతైనా ఇస్తాడు, తినడానికే ఇరవై ఎక్కువ.

ఇంతకీ ఆ ఉల్లిపాయ సంగతి. బియ్యం, పప్పు, ఉల్లి, గ్యాసు బండ చాలావరకు చెన్నై నుంచో కోల్‌కతా నుంచో విశాఖ నుంచో ఓడెక్కి రావాలి. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి పదమూడు వందల కిలోమీటర్ల పైనే ఉంటుంది, ఓడకి రెండు మూడు రోజులు. అక్కడ దిగి, మళ్ళీ పడవ మారి, హేవ్‌లాక్ చేరాలి. రెండున్నర గంటల విమానమెక్కి వచ్చిన తమరికే నడుం పట్టేసిందే, అంత ప్రయాణం చేసిన ఉల్లిపాయ కొత్తపేట రైతుబజారు రేటుకి ఎలా దొరుకుతుంది? దీవిలో చవక ఏమిటంటే చేప, కొబ్బరిబోండాం, అరటిపండు, నీల్‌లో పండే కూరగాయలు. ఇవి తినేవాడికి ఖర్చు తగ్గుతుంది. పనీరు బటర్ మసాలా, గోబీ మంచూరియా కావాలనేవాడికి సముద్ర రవాణా చార్జీలు పడతాయి. లెక్క ఇంత తేలిక. అయినా ‘అండమాన్‌లో తిండి దోపిడీ’ అన్న రివ్యూ రాసేది ఎప్పుడూ పనీరువాడే. శాకాహారుల్ని అనడం లేదు. అరటికాయ వేపుడుతో కడుపు నింపుకుని ఆనందంగా తిరిగొచ్చినవాళ్ళు నాకు తెలుసు.

‘ఆంధ్రా భోజనం గ్యారంటీ’ ముచ్చట ఇంకా గొప్పది. 2011 జనగణన ప్రకారం ఆ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు వందకి పదముగ్గురు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలస పోయిన మత్స్యకారులు పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో ఎన్ని దశాబ్దాల నుంచో ఉన్నారు. మీకు వడ్డించే సుర్మయి అనే వంజరాన్ని పట్టుకొచ్చినవాడు “ఏటి బావూ, ఎక్కడ్నుంచి?” అని పలకరించగలడు. పలకరించడు, ఎందుకంటే ప్యాకేజీలో అతని వీధి లేదు. బృందం అతని ఇంటిముందునుంచే ఏసీ వ్యానులో పోయి, హోటల్లో రంగునీళ్ళ సాంబారు, మైదా పూరీ పెట్టించుకుని, సూట్‌కేసులోంచి ఆవకాయ సీసా, కందిపొడి పొట్లం పైకి తీసి, “మన తిండి దొరకడం కష్టమండీ ఇక్కడ” అని నిట్టూరుస్తుంది.

చూడ్డానికి ఏమున్నాయంటారా, నార్త్ బే ఉంది. పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు వెనక కొబ్బరిచెట్లు, సముద్రం, అవతల లైట్‌హౌస్ కొండ ఉండేవి గుర్తుందా? ఆ చోటు ఇదేనని అమ్ముతారు. పడవ దిగిన ప్రతివాడూ జేబులోంచి నలిగిన నోటు తీసి ఎదురుగా పట్టుకుని, బొమ్మకి సరిపోయే చోటు కోసం ఒడ్డంతా గాలిస్తాడు. సరిపోదు. ఎందుకంటే ఆ బొమ్మ మౌంట్ హారియట్ కొండ మీదనుంచి నార్త్ బే వైపు చూస్తే కనపడేది. బొమ్మలోనే నిలబడి బొమ్మకోసం వెతకడం, చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా గాలించడమే. ఇరవై రూపాయల నోటు మీద ఊరికే చూడగలిగిన దృశ్యానికి పడవ టికెట్టు పెట్టి మరీ వీపు చూపించి రావడం మన ఆర్థిక శాస్త్రానికే సాధ్యం.

సెల్యులార్ జైలుకి కేటాయించింది నలభై అయిదు నిమిషాలు. 1896లో మొదలుపెట్టి 1906కి పూర్తి చేశారు. ఏడు రెక్కల కట్టడం; ఇప్పుడు మిగిలినవి మూడు. ఒక రెక్కలోని గదుల ముఖం ఎదుటి రెక్క వీపుకేసి ఉండేలా కట్టారు, ఖైదీకి ఖైదీ మొహం కనపడకూడదని. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర అండమాన్‌లో శిక్ష అనుభవించి వచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి ఎన్నికయ్యాడు. కాకినాడ బాంబు కేసు ప్రతివాది భయంకర వెంకటాచారి కూడా ఇక్కడికి వచ్చినవాడే. ఈ పేర్లు గైడు చెప్పడు, మనవాళ్ళు అడగరు. ఉరికొయ్య దగ్గర గ్రూపు ఫొటోకి క్యూ పెద్దగా ఉంటుంది. ఒకాయన ఊచలు పట్టుకుని లోపలినుంచి ఏడుపు మొహం పెడతాడు, భార్య బయటనుంచి తీస్తుంది, పిల్లలు నవ్వుతారు. తీయడం అయ్యాక వ్యాను హారన్ కొడుతుంది.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. ‘అదనపు చార్జీతో బారాటాంగ్’ అన్న లైను దగ్గర నాకు నవ్వు రాదు. సున్నపురాతి గుహలు చూపిస్తామని తెల్లవారకముందే లేపి, జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర వాహనాల వరసలో నిలబెడతారు. అక్కడినుంచి రోడ్డు జరావా ఆదివాసుల అడవిలోంచి పోతుంది. ఆగకూడదు, ఫొటో తీయకూడదు, ఏమీ ఇవ్వకూడదు. ఇన్ని బోర్డులు దాటాక ఏజెంట్ గొంతు తగ్గించి, “అదృష్టం ఉంటే కనిపిస్తారండీ” అంటాడు, పులి గురించి చెప్పినట్టు. వాళ్ళు నాలుగైదు వందలమంది మనుషులు. 1999లో వాళ్ళలో తట్టు వ్యాపించింది. అడవి లోపల ఆ రోడ్డు మూసేయమని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. జరావా ఆడవాళ్ళని ఆడించి తీసిన వీడియోలు 2012లో బయటపడి ప్రపంచమంతా ఛీ అన్నది. వాహనాల వరస ఆగలేదు. గుహలు చూసొచ్చినవాణ్ణి గుహల గురించి అడిగి చూడండి, ఏమీ చెప్పలేడు. కిటికీలోంచి ఏం కనపడిందో మాత్రం అరగంట చెబుతాడు.

చివరి మధ్యాహ్నం ‘షాపింగ్’. షాపుల్లో కొనని కుటుంబం కూడా బీచ్‌లో ఏరిన పగడపు ముక్కలు సాక్సుల్లో చుట్టి బ్యాగులో అడుగున పెట్టుకుంటుంది. పగడపు దిబ్బలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్నాయని, పులిచర్మం ఎంతో అదీ అంతేనని విమానాశ్రయంలో స్కానర్ దగ్గర తెలుస్తుంది. “చచ్చిపోయిందే కదండీ, రాయే కదండీ” అన్న వాదన వరసగా ప్రతి కౌంటర్‌లోనూ వినపడుతుంది. ఎండాకాలంలో పోర్ట్ బ్లెయిర్ కుళాయిల్లో రోజూ నీళ్ళు రావన్న సంగతి, హోటల్ షవర్ కింద అరగంటేసి నిలబడ్డ మనకి ఏ కౌంటర్‌లోనూ ఎవరూ చెప్పరు.

ఇదంతా విన్నాక, మరి నువ్వెలా వెళతావయ్యా అని అడుగుతారు కదా. ఒక ఏజెంట్‌ని అదే అడిగాను: నాలుగు రోజులూ ఒక్క దీవిలోనే, నీల్ అయినా సరే, పోటుపాట్ల పట్టిక చూసుకుని పొద్దున్నే నడక, మధ్యాహ్నం బజారులో చేపల కూర, ఎండ చల్లబడ్డాక అద్దె సైకిలు, ఇంకేమీ వద్దు, రేటు చెప్పమన్నాను. ఆయన కాలిక్యులేటర్ చాలాసేపు కొట్టాడు.

“అలాగైతే తగ్గదు సార్, కొంచెం పెరుగుతుంది కూడా. మాకు పడవల మీద ఏమీ రాదు కదా.” ఇంకాస్త ఆలోచించి, జాలిగా చూశాడు. “మూడో రోజు మధ్యాహ్నం పూర్తిగా ఖాళీ ఉండిపోయింది సార్. పోనీ జెట్ స్కీ వేసెయ్యమంటారా?”