కాలికీ ఈలకూ మధ్య

నేను పుట్టింది జలంధర్‌లో. దేశ విభజనప్పుడు సియాల్‌కోట్ వదిలి వచ్చిన పనివాళ్లు కుట్టారు నన్ను. పద్దెనిమిది తోలు ముక్కలు, లోపల రబ్బరు బ్లాడర్, మూతికి తోలు లేసు. వానలో ఆడితే నీళ్లు తాగి బండరాయినయ్యేదాన్ని. లేసు వైపు తలతో కొట్టినవాడి నుదురు గీరుకుపోయేది. అందులో నా తప్పేం లేదు, నేను ఎటు తిరిగి వస్తున్నానో వాడే చూసుకోవాలి.

హైదరాబాద్ చేరాక నేను పడింది ఫతే మైదాన్‌లో, ఇప్పుడు లాల్ బహదూర్ స్టేడియం అంటున్నారే, అక్కడ. ఊరంతా సిటీ పోలీస్ జట్టు కబుర్లే. 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్లు బొంబాయి నుంచి రోవర్స్ కప్ పట్టుకొచ్చిన జట్టు అది. అయిదో కప్పు వచ్చిన 1954లోనే ఖైరతాబాద్‌లో మొదటిసారి వినాయకుణ్ణి నిలబెట్టారు, ఒక్క అడుగు విగ్రహం. ఆ తర్వాత ఆయన ఏటేటా పెరిగాడు, మా ఆట ఏటేటా తరిగింది. ప్రస్తుతం నా కాపురమూ ఖైరతాబాద్‌లోనే, ఒక బీరువా మీద, గాలి లేకుండా.

సిటీ పోలీస్ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. దేశం జట్టుకూ ఆయనే. అంతకుముందు బడిపంతులు, ఆ పంతులుతనం మైదానంలోనూ పోలేదు. ఆయనకూ ఆటగాళ్లకూ గొడవంతా నా గురించే. ఆటగాడికి నన్ను కాలి దగ్గర పెట్టుకోవాలని ఆశ. ఇద్దర్ని ఊరించి, మూడోవాణ్ణి బోర్లా పడేసి, జనం ఈలలు వేశాక గానీ వదలడు. రహీం సాబ్‌కు అది సుతరామూ గిట్టదు. నేను మనిషి కన్నా వేగంగా పోతానని ఆయన లెక్క. నిజమే, పోతాను.

అందుకని ఆయన పెట్టిన పోటీలు చూడాలి! ఒకదాంట్లో డ్రిబ్లింగే నిషేధం. అందగానే ఇంకొకడికి ఇచ్చెయ్యాలి. ఇంకోదాంట్లో వాటం లేని కాలితోనే ఆడాలి. కుడికాలి మొనగాళ్లు ఎడమకాలితో తంటే నేను ఎక్కడెక్కడికి పోయానో చెప్పలేను.

ఆ పోటీల్లోనే ఒక కుర్రాడు ఉండేవాడు. ఇన్‌సైడ్ లెఫ్ట్. ముందు వరుసకు ఆట అల్లి ఇచ్చేవాడు, జట్టంతా వాడి కాలివైపే చూసేది. వాడు నన్ను తాకితే తన్నినట్టుండేది కాదు, పిలిచినట్టుండేది. డ్రిబ్లింగ్ కూడదన్న రోజు మొదటి అయిదు నిమిషాల్లోనే ముగ్గుర్ని దాటించాడు. ఈల. మళ్లీ దాటించాడు. మళ్లీ ఈల. ఆట అయ్యాక నా లేసు విప్పుతూ పక్కవాడితో గొణిగాడు: “బంతి కాళ్లకాడ ఉండొద్దంటే ఇగ కాళ్లెందుకు భాయ్? గా పోస్ట్‌మన్‌ను పెట్టుకొమ్మను, ఇంటింటికీ ఇచ్చిపోతడు.”

నాకు నవ్వొచ్చింది. నేను వాడి పక్షం.

సాబ్ మంకుపట్టుకు వేరే కారణముంది. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో మనవాళ్లలో చాలామంది ఉత్త కాళ్లతో ఆడారు. యుగోస్లావియా పది గోల్స్ కొట్టింది, మనది ఒక్కటి. ఆ దెబ్బకు బూట్లు తప్పనిసరయ్యాయి. ఉత్త కాలి స్పర్శ నాకూ ఇష్టమే, ఏం లాభం? అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం పాత పోలీసు బూట్లను ఆటకు పనికొచ్చేలా చేయించుకున్నాడు. హంగేరీవాళ్లు నన్ను ఎలా తిప్పుతున్నారో సాబ్ కుతూహలంగా చదివేవాడు. 1958లో బ్రెజిల్ ప్రపంచానికి చూపించక ముందే వెనక నలుగురు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురు ఆడే పద్ధతిని మనవాళ్లకు ఎక్కించాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌కు నాలుగో స్థానం. ఆ మాట వచ్చినప్పుడల్లా మా కుర్రాడు మాట మార్చేవాడు.

1962 జకార్తా ఆసియా క్రీడల సంగతి నేను విన్నదే. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 0-2. థాయ్‌లాండ్‌తో ఆడుతూ డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలింది, కుట్లు పడ్డాయి. సాబ్ అతణ్ణి బయట కూర్చోబెట్టలేదు, ముందుకు పంపి ఫార్వర్డ్‌గా ఆడించాడు. ఇంకా పెద్ద చిక్కు గోల్‌కీపర్ దగ్గర. మన హైదరాబాదీ పీటర్ తంగరాజ్‌కు జ్వరం. సెమీఫైనల్ దాకా గోల్ కాచింది ప్రద్యుత్ బర్మన్. ఫైనల్‌కు సాబ్ బర్మన్‌ను పక్కనపెట్టి పొడుగరి తంగరాజ్‌ను నిలబెట్టాడు. అదే కొరియా, ఈసారి 2-1. పి.కె. బెనర్జీ ఒకటి, కుట్ల తలతో జర్నైల్ ఒకటి. బంగారం. గెలిచాం కాబట్టి అది తెలివి అయింది, ఓడితే ఏమనేవారో! సెమీస్ దాకా మోసుకొచ్చి ఫైనల్ బయటినుంచి చూసిన బర్మన్ మనసు ఆలోచించండి. నాకు తెలుసు, పక్కన పడి ఉండటమంటే ఏమిటో.

1963 జూన్ 11న సాబ్ క్యాన్సర్‌తో పోయాడు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ బంగారం రాలేదు.

ఆ ఇన్‌సైడ్ లెఫ్టే నా యజమాని. ఎనభై దాటింది, మోకాళ్లు పోయాయి. 2024లో అజయ్ దేవగణ్ రహీంగా వేసిన ‘మైదాన్’ సినిమా మనవడు టీవీలో పెట్టాడు. తెరమీద ఒకడు బంతిని అంటిపెట్టుకుని ఇద్దర్ని తప్పించాడు, మూడోవాడి మీదికి పోతున్నాడు. తాత కుర్చీలోంచి సగం లేచి అరిచాడు: “వదల్రా వాణ్ణి... బంతి ఇచ్చెయ్, అటు చూడు, ఖాళీ ఉన్నది!”

మనవడు పగలబడి నవ్వాడు. నాకైతే ఒళ్లు మండింది.